ఇంట్లో పెద్దవాళ్లుంటే: తిరుపతి, చిత్తూరు వాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

ఊరి సచివాలయం మెట్ల మీద, తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ క్యూలో, మెడికల్ షాపు గట్టు దగ్గర ఎప్పుడూ ఇవే సందేహాలు వినిపిస్తుంటాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన దగ్గర నుంచే చదువుకోవచ్చు.

## కాగితాలు, కార్డులు

మా నాయనకి 60 నిండాయి. పింఛను తనంతట అదే వస్తుందా?

రాదు. దరఖాస్తు పెట్టాలి. అది కూడా ప్రభుత్వం కొత్త పింఛన్లకు అవకాశం తెరిచినప్పుడే తీసుకుంటారు. ఊళ్లో అయితే సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంటుని, టౌన్లో అయితే వార్డు వెల్ఫేర్ సెక్రటరీని అడగండి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఎస్టీలకు, చేనేత, కల్లుగీత, మత్స్యకార పనివాళ్లకు 50 ఏళ్లకే అర్హత వస్తుంది.

దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది ఆదాయం దగ్గర కాదు, రికార్డుల దగ్గర. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటినా, పేరు మీద కారున్నా (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది), కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు మించినా కంప్యూటరే వెనక్కి కొడుతుంది. ఒకే మీటరు మీద కింది ఇల్లు, పై ఇల్లు నడుస్తుంటే యూనిట్లు దాటేస్తాయి. మీటర్లు వేరు చేయించుకుంటే సరిపోతుంది. అమ్మేసిన కారు ఇంకా పాత పేరు మీదే ఉండటం కూడా చాలా ఇళ్లలో కనిపించే చిక్కు. రవాణా శాఖ రికార్డులో పేరు మార్పించాకే మళ్లీ దరఖాస్తు పెట్టండి.

ఆధార్‌లో అమ్మ వయసు తక్కువ పడింది. ఏం చేయాలి?

పింఛనుకైనా, 70 ఏళ్ల ఆరోగ్య కార్డుకైనా చూసేది ఆధార్‌లోని పుట్టిన తేదీనే. ఆ తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. కాబట్టి చేతిలో గట్టి కాగితం లేకుండా ఆధార్ సెంటర్‌కి పోవద్దు. ఏ ఏ కాగితాలు ఒప్పుకుంటారో ఆ సెంటర్‌లోనే ముందు అడిగి, వాటిని సంపాదించుకుని వెళ్లండి. తొందరపడి అంచనా వయసు రాయించుకుంటే ఆ ఒక్క అవకాశమూ ఖర్చయిపోతుంది.

అవ్వ వేలిముద్ర పడటం లేదు. పింఛను ఆపేస్తారా?

ఆపకూడదు. జీవితాంతం పొలంలో, అంట్ల దగ్గర అరిగిన వేళ్లకు గీతలు మిగలవు. బొటనవేలే పెట్టాలన్న రూలు లేదు, పది వేళ్లలో ఏదైనా పనికొస్తుంది. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఉంగరపు వేలు పెట్టి చూడండి. అదీ కాకపోతే కంటిపాప గానీ, ముఖం గానీ స్కాన్ చేయమని సిబ్బందిని అడగండి. నెలనెలా ఇదే తంటా అయితే ఒకసారి ఆధార్ సెంటర్‌లో వేలిముద్రలు, కళ్లు కొత్తగా తీయించండి.

ఒకటో తేదీన ఊళ్లో లేము. ఆ నెల పింఛను డబ్బు పోయినట్టేనా?

పోదు. ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు ఉంది. బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్లేవాళ్లు మూడో నెలకి మాత్రం ఇంట్లో ఉండేలా చూసుకోవాలి. పింఛను తీసుకునే భర్త చనిపోతే భార్యకు వితంతు పింఛను మంజూరు చేస్తారు. దానికి మరణ ధ్రువపత్రం వెంటనే సచివాలయంలో ఇవ్వాలి. కర్మంతరాలు అయ్యాక చూద్దాంలే అనుకుంటే నెలలు దొర్లిపోతాయి.

70 దాటినవాళ్లకి 5 లక్షల ఉచిత వైద్యం కార్డు అంటున్నారు. మాకు రేషన్ కార్డే లేదు, ఇస్తారా?

ఇస్తారు. ఆయుష్మాన్ వయ వందన కార్డుకి ఆదాయంతో పని లేదు. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోనే చేసుకోవచ్చు, లేదంటే ఆస్పత్రిలోని పథకం కౌంటరులో అడగొచ్చు. ఆధార్‌కి లింకైన ఫోను, పెద్దాయన మనిషి, రెండూ ఎదురుగా ఉండాలి. ఫొటో తీస్తారు, ఓటీపీ వస్తుంది.

5 లక్షలు మనిషికి కాదు, ఇంట్లోని 70 దాటినవాళ్లందరికీ కలిపి ఏడాదికి. పాత జబ్బులకీ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నా తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది) ఉన్నవాళ్లు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. ఓపీ చీటీకి, నెలవారీ మాత్రలకు ఇది పనికిరాదు. బెడ్డులో చేరితేనే. సందేహాలకు 14555.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా, మళ్లీ వయ వందన కార్డు దేనికి?

ఎన్టీఆర్ వైద్య సేవ అంటే అందరూ ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచేదే. అది కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉన్నవాళ్లకు. వయ వందనకు ఆదాయ పరిమితి లేదు, వేరే రాష్ట్రంలో కూడా ఆ పథకంలో చేరిన ఆస్పత్రిలో చెల్లుతుంది. పెద్దవాళ్లు చెన్నైలో, బెంగుళూరులో పిల్లల దగ్గర నెలల తరబడి ఉండే ఇళ్లకు రెండూ ఉండటం మేలు.

బస్సులో, రైల్లో రాయితీ ఉందా?

ఆర్టీసీలో 60 దాటినవాళ్లకు టికెట్టులో 25 శాతం తగ్గింపు. ఒరిజినల్ ఆధార్ చూపితే చాలు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఎలాగూ టికెట్టు ఉచితమే. రైల్లో పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. టికెట్టు బుక్ చేసేటప్పుడు కింది బెర్తు కోటా మాత్రం అడగండి.

తిరుమలలో పెద్దవాళ్లకి నేరుగా దర్శనం అని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

ఆ మెసేజి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది, టీటీడీ ఖండిస్తూనే ఉంది. 65 దాటినవాళ్లకు రోజువారీ కోటా ఉన్న మాట నిజం. కానీ ఆ టికెట్లు మూడు నెలల ముందే టీటీడీ వెబ్‌సైటులో విడుదలవుతాయి. ఆధార్ పట్టుకుని ఆ రోజు పొద్దున కొండెక్కితే దొరకవు.

## రోజువారీ ఆరోగ్యం

బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగా ఎక్కడిస్తారు?

ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో. 104 బండి ఊరికి వచ్చే రోజు ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. ఆ రోజు డాక్టరు కూడా ఉంటారు, మంచం పట్టినవాళ్లుంటే ఇంటికి రమ్మని అడగొచ్చు. వెళ్లేటప్పుడు ఖాళీ మాత్రల పట్టీలు తీసుకెళ్లండి. "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటే ఎవరికీ అర్థం కాదు. కొనాల్సి వస్తే జన ఔషధి షాపులో మందు పేరు చెప్పి అడగండి, కంపెనీ పేరు కాదు. డాక్టరు చీటీలో కంపెనీ పేరే ఉంటే అసలు మందు పేరు కూడా రాయమనండి.

అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. షుగర్ మాత్ర వేసుకోవాలా, మానాలా?

మాత్రను బట్టి ఉంటుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి, ఇన్సులిన్, తిండి తినకపోయినా షుగర్‌ని కిందికి తోసేస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ ప్రమాదం తక్కువ. అందుకని ఒక్కపొద్దు రోజు డోసు ఎంత అన్నది డాక్టరు చేత చీటీ మీదే రాయించుకోండి. "ఉపవాసం చేయను" అని డాక్టరు దగ్గర తల ఊపి, ఇంటికొచ్చి చేసే అమ్మలే ఎక్కువ. దాచడం కంటే చెప్పి డోసు మార్పించుకోవడం నయం.

చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు కనిపిస్తే షుగర్ చూడండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. గ్లూకోమీటరు ఇంట్లో లేకపోతే అనుమానం వచ్చినప్పుడు చక్కెర నీళ్లే ఇవ్వండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోను చేయండి. ఇంకోటి: షుగర్ పడిపోయి సర్దుకున్నాక ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది, రాత్రికి మళ్లీ పడిపోవచ్చు.

సంగటి తింటే షుగర్ పెరగదంటారు కదా?

పెరుగుతుంది. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే, పైగా సంగట్లో నూకలు కూడా పడతాయి. బియ్యం కంటే పీచు, క్యాల్షియం ఎక్కువన్నది నిజం. చిన్న ముద్ద ఒకటి, దాంతో ఆకుకూర పప్పో, కోడిగుడ్డో ఉంటే మంచి భోజనమే. ముద్ద సైజు చూసుకోకుండా మూడు తిని, రాగి కదా అనుకోవడమే తప్పు. పలుచటి జావ అయితే ముద్ద కంటే త్వరగా రక్తంలో కలుస్తుంది.

మోకాళ్ల నొప్పికి షాపులో ఇచ్చే మాత్రలు రోజూ వేసుకోవచ్చా?

వద్దు. పొట్లంలో కట్టి ఇచ్చే వాటిల్లో డైక్లోఫెనాక్ లాంటివి ఉంటాయి. రోజూ వాడితే కడుపులో పుండు, బీపీ పెరగడం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి రావొచ్చు. బీపీ మాత్రలు కూడా వేసుకునేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. నొప్పి మరీ ఉన్న రోజు పారాసిటమాల్ 650 వాడుకోవచ్చు. రోజు మొత్తంలో నాలుగు దాటకూడదు, లివర్ జబ్బున్నవాళ్లు డాక్టరుని అడగాలి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి 5 సెకన్లు ఆపి దించడం, ఒక్కో కాలికి 10 సార్లు, పూటకోసారి చేయిస్తే తొడ కండ బలపడి మోకాలి మీద భారం తగ్గుతుంది. నెల రోజులు ఆగాలి మరి.

కంటి పొర ఆపరేషన్ ఎక్కడ? ముదిరేదాకా ఆగాలా?

ఆగక్కర్లేదు. అది పాతకాలం మాట. మెట్లు దిగడం, చిల్లర గుర్తుపట్టడం కష్టమైతే సమయం వచ్చినట్టే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. తిరుపతిలో అరవింద్ కంటి ఆస్పత్రి కూడా ఉంది. షుగర్, బీపీ అదుపులో లేకపోతే తేదీ వాయిదా వేస్తారు కాబట్టి ముందు వారం మాత్రలు తప్పకుండా చూడండి.

వినికిడి మిషను, వీల్‌చెయిరు ఉచితంగా ఇస్తారట?

రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 దాటి, నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్నవాళ్లకు చేతికర్ర, వాకరు, వినికిడి మిషను, కళ్లద్దాలు, కట్టుడుపళ్లు, వీల్‌చెయిరు ఇస్తారు. ఇవి క్యాంపులు పెట్టి పంచేవి, కౌంటరులో దొరికేవి కావు. మొదటి క్యాంపులో కొలతలు తీస్తారు, సామాను రెండోసారి ఇస్తారు. తేదీల కోసం కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసుని అడుగుతుండండి.

## ఉన్నట్టుండి ఏదైనా అయితే

మూతి వంకర పోయింది, చెయ్యి లేవడం లేదు. పొద్దున తీసుకెళ్లొచ్చా?

ఇప్పుడే. ఇవి పక్షవాతం లక్షణాలు. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు, అదీ చివరిసారి మామూలుగా కనిపించిన నిమిషం నుంచి. నిద్రలో వచ్చిందంటే పడుకున్న సమయం నుంచి లెక్క. ఆ టైము కాగితం మీద రాసి డాక్టరుకి ఇవ్వండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లాలి. స్కాన్ లేనిచోట సెలైను పెట్టించి కూర్చోవడంలోనే గడువు కరిగిపోతుంది. మంచినీళ్లు, ఆస్పిరిన్, నాటు పసరు ఏదీ నోట్లో వేయొద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా అది గడ్డ వల్లా, రక్తం చిట్లడం వల్లా అన్నది స్కాన్ చూస్తేనే తెలుస్తుంది. చిట్లి ఉంటే ఆస్పిరిన్ కీడు చేస్తుంది.

అవ్వ బాత్రూంలో జారి పడింది. పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామా?

ముందు ఎక్స్‌రే. మన వైపు చెయ్యి విరిగినా కాలు విరిగినా మనసు ఎముకలకు నాటు కట్టు కట్టే పుత్తూరు మీదికే పోతుంది, తరాల అలవాటు. కానీ తుంటి ఎముక సంగతి వేరు. పడిన కాలు రెండో కాలి కంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందని అనుమానించాలి. ఆ చోట ఎముకను పైనుంచి కట్టు పట్టి ఉంచలేదు. తొడ ఎముక తలకు రక్తం వచ్చే దారి కూడా తెగి ఉండొచ్చు. నెలల తరబడి కదలకుండా పడుకోబెడితే పుండ్లు, నిమోనియా, కాలిలో రక్తం గడ్డలు వస్తాయి. పెద్దవాళ్ల ప్రాణం తీసేది ఎముక విరగడం కాదు, ఆ పడకే. వీలైతే 48 గంటల్లో ఆపరేషన్ అయితే త్వరగా లేపి కూర్చోబెట్టొచ్చు. తిరుపతిలో రుయాలో, టీటీడీ వాళ్ల బర్డ్ ఆస్పత్రిలో ఎముకల విభాగం ఉంది. తీసుకెళ్లేటప్పుడు రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, రెంటినీ కలిపి వదులుగా చీరతో కట్టి, 108లో పడుకోబెట్టే తీసుకెళ్లండి. ఆటోలో కూర్చోబెట్టొద్దు.

తాత నిన్నటిదాకా బాగుండి, ఈ రోజు ఏదేదో మాట్లాడుతున్నాడు. మతిమరుపు జబ్బా?

మతిమరుపు జబ్బు నెలల మీద వస్తుంది, రాత్రికి రాత్రి రాదు. ఒక్కరోజులో తికమక వచ్చిందంటే ఒంట్లో వేరే ఏదో జరిగింది: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమోనియా, షుగర్ పడిపోవడం, మలబద్ధకం, కొత్త మాత్ర, లేదా సోడియం తగ్గడం. ఈ చివరిదాన్ని మన ఎండల్లో ఎక్కువగా చూస్తాం. బీపీ అని ఉప్పు పూర్తిగా మానేస్తారు, పైన నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) వేసుకుంటారు, చెమటకు ఉన్న ఉప్పూ పోతుంది. జ్వరం లేకపోయినా ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి షుగర్, సోడియం, మూత్రం పరీక్షలు అడగండి. మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లండి.

## ఆస్పత్రిలో

చేర్చేటప్పుడు మొదట ఎవరిని కలవాలి?

ఆరోగ్యమిత్ర డెస్కుని. ఇప్పుడు వైద్యమిత్ర అని కూడా అంటారు. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు చూపి ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద రాయించుకోవాలి. ఆస్పత్రి అనుమతికి పంపి, అది వచ్చాక ఆపరేషన్ చేస్తుంది. ప్రాణం మీదికొస్తే ముందు చికిత్స, తర్వాత కాగితం. డబ్బు కట్టి చేరిపోయి, మూడో రోజు కార్డు బయటికి తీస్తే కట్టిన డబ్బు తిరిగి రాబట్టడం తలనొప్పి. పథకంలో చేర్చాక కూడా స్కానుకో మందులకో డబ్బడిగితే రసీదు అడగండి, 104కి ఫోను చేయండి. రసీదు మాటెత్తగానే చాలాసార్లు అడగడమే మానేస్తారు.

చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గర. మన కార్డు అక్కడ చెల్లుతుందా?

కార్డుంటే చాలదు. ఆ ఆస్పత్రి, ఆ విభాగం, ఆ ఆపరేషన్, మూడూ పథకం జాబితాలో ఉండాలి. బయల్దేరే ముందే వయ వందన అయితే 14555కి, ఎన్టీఆర్ వైద్య సేవ అయితే 104కి ఫోను చేసి ఆపరేషన్ పేరు చెప్పి అడగండి. అదే పని తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రిలో పథకం కింద అవుతుందేమో కూడా అదే ఫోనులో కనుక్కోండి. గుండె, కిడ్నీ, నరాల జబ్బులకు అక్కడ విభాగాలున్నాయి. గంటల లెక్కన ప్రాణం ఉన్నప్పుడు మాత్రం ఈ విచారణలన్నీ పక్కనపెట్టి దగ్గరి ఆస్పత్రికే పొండి.

## ఇంటికి తెచ్చాక

మంచాన పడిన మనిషికి పుండ్లు రాకుండా ఎలా?

రెండు గంటలకోసారి పక్క మార్చాలి: ఎడమ, వెల్లకిలా, కుడి. గోడకు కాగితం అంటించి టైము రాస్తే ఇంట్లో ఎవరి వంతో తెలుస్తుంది. పుండు మొదలయ్యేది నడుము కింది ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర. స్నానం చేయించేటప్పుడు ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడండి. వేలు తీయగానే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు. ఎరుపు అసలు మారకపోతే అదే తొలి మెట్టు, ఆ పక్క మీద పడుకోబెట్టడం ఆపాలి. అక్కడ రుద్దొద్దు, పౌడరు చల్లొద్దు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. గాలి పరుపు సాయపడుతుంది. అది ఉంది కదా అని పక్క మార్చడం మానేస్తే అది కూడా కాపాడదు.

పక్షవాతం వచ్చిన మనిషికి జావ తాగిస్తుంటే పొరపోతోంది. ఎందుకు?

పక్షవాతంలో గొంతు కండరాలు కూడా మందగిస్తాయి. పలుచటివి వేగంగా జారి గాలిగొట్టంలోకి పోతాయి. కాబట్టి జావ చెంచాలోంచి ముద్దగా జారేంత చిక్కగా కాయండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, సగం చెంచా చొప్పున ఇవ్వండి. మింగాక నోరు తెరిపించి చూసి, అప్పుడే రెండోది. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. తాగాక గొంతు గరగరమన్నా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

పక్షవాతంతో మంచానికే పరిమితమైతే పింఛను పెరుగుతుందా?

పూర్తిగా మంచానికో వీల్‌చెయిరుకో పరిమితమైతే నెలకు 15,000 రూపాయలు ఉంది. దానికి డాక్టరు చీటీ సరిపోదు, సదరం సర్టిఫికెట్టు (వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చేది) కావాలి. స్లాటు సచివాలయంలో బుక్ చేస్తారు. మనిషిని కదిలించలేని స్థితి అయితే ఆ మాట బుక్ చేసేటప్పుడే చెప్పండి.

## తోడు లేనప్పుడు

కొడుకులు చూడటం లేదు. కోర్టుకి పోవాలంటే లాయరు ఖర్చు ఎక్కడ తేవాలి?

లాయరు అక్కర్లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు, కుప్పం, నగరిల్లో ఆర్డీఓ ఆఫీసులున్నాయి. తెల్లకాగితం మీద రాయండి: పిల్లల పేర్లు, చిరునామాలు, వాళ్ల సంపాదన, మీ నెల ఖర్చు (బియ్యం, మందులు, అద్దె విడివిడిగా). కూతురి మీద, మేజరైన మనవడి మీద కూడా వేయొచ్చు. పిల్లలు లేనివాళ్లు, ఆస్తి దక్కబోయే బంధువుల మీద వేయొచ్చు. చట్టం ప్రకారం నెలకు 10,000 దాకా ఇప్పించొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ఆర్డరు వచ్చినా ఇవ్వకపోతే నెల దాకా జైలు ఉంటుంది. ఆఫీసులో కాగితం తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవడం మరవొద్దు. తీసుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇవ్వండి.

ఇల్లు కొడుకు పేరున రాసిచ్చేశాను. వెనక్కి వస్తుందా?

అదే చట్టం 23వ సెక్షన్ కింద రావొచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాసిచ్చి, వాళ్లు చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయమని అదే ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. చిక్కంతా ఆ షరతు కాగితంలో ఉందా లేదా అన్నదాని దగ్గరే. "ప్రేమాభిమానాలతో ఇచ్చాను" అని మాత్రమే రాసి ఉంటే వాదన కష్టమవుతుంది. ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆశ వదులుకోవద్దు. ఇంకా రాసివ్వనివాళ్లకు ఒకటే మాట: గిఫ్టు సెటిల్‌మెంటు రాసేటప్పుడు తిండి, మందులు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఈ మూడూ షరతులుగా రాయించండి. రాతగాడు "ఇంటి మనుషుల మధ్య ఇవన్నీ ఎందుకు పెద్దాయనా" అంటాడు. అయినా రాయించండి.

పిల్లలు అమెరికాలో. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, మాట్లాడే మనిషి లేరు. ఎవరికి చెప్పుకోవాలి?

14567, ఎల్డర్ లైన్. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, అన్ని రోజులూ, తెలుగులోనే. పింఛను సందేహమైనా, ఎవరైనా కొడుతున్నా తిడుతున్నా, ఊరికే మాట్లాడాలనిపించినా చేయొచ్చు, అవసరమైతే మనిషిని ఇంటికి పంపుతారు. నిద్ర పట్టక, బతకాలని లేదనిపిస్తే టెలిమానస్ 14416, అది రాత్రీ పగలూ ఉంటుంది. ఈ రెండు నంబర్లు, 108, పక్కింటివాళ్ల నంబరు పెద్ద అక్షరాల్లో రాసి ఫోను పక్కన గోడకు అంటించుకోండి. ఇంటి తాళం చెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి ఉంచండి. లోపల గడియ పెట్టుకుని బాత్రూంలో పడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది, కాబట్టి రాత్రిళ్లు బయటి నుంచి కూడా తెరుచుకునే తాళమే వేసుకోండి.